ఎండకు ఘన స్వాగతం

"ఐస్! ఐస్ యాడప్పా? ఇంకా రాల్యా?"

డాక్టర్ రేష్మా కేకకు పులివెందులలోని ఆ నర్సింగ్ హోమ్ అదిరింది. స్ట్రెచర్ మీద పదహారేళ్ల నూపుర్ నేగి స్పృహ లేకుండా పడి ఉంది. హిమాచల్ బాలికల హాకీ జట్టు గోల్‌కీపర్. బుగ్గలు పండుమిరపకాయల్లా ఎర్రబడ్డాయి.

గోడకు ఆనుకుని వ్యాయామ మాస్టారు శాంసన్ తలుపు వైపే చూస్తున్నాడు. పిల్లకు ఏమన్నా అయితే ముందు పోయేది తన ఉద్యోగమే. ఎందుకంటే 'క్రీడాకారుల శీతోష్ణ అనుకూలతా సంఘం' కార్యదర్శి అతనే.

ఆ సంఘాన్ని స్థాపించిన మహనీయుడు మాత్రం క్రీడా మండలి ఛైర్మన్ త్రివిక్రమరావు గారు. మే నెలలో ప్రొద్దుటూరులో జాతీయ టోర్నమెంటు పెట్టించిన ధీశాలి. మంచుకొండల పిల్లలు వస్తున్నారని తెలిసి చలించిపోయారు. "మా ఎండను వారికి ఆత్మీయంగా పరిచయం చేస్తాం" అని పత్రికలకు ప్రకటించారు.

ఎండను అలవాటు చేసే పద్ధతి శాంసన్ చెప్పాడు. "తొలిరోజు పొద్దువాలినాక కాసేపు పరిగెత్తిద్దాం సార్. రోజూ కొంచెం కొంచెం పెంచుదాం. మజ్జిగ, ఉప్పు కలిపిన నీళ్లు..."

"ఎవురికీ కనపడకుండా పరిగెత్తిస్తే అది ప్రోగ్రాం ఎట్లయితాదప్పా?" అన్నారు ఛైర్మన్ గారు. "ఎండ యాడుంటే పిల్లోల్లని ఆడికే తీస్కపోదాం."

ఆ క్షణాన సన్మాన యాత్ర పుట్టింది. పొద్దున ప్రొద్దుటూరు, మిట్టమధ్యాహ్నం జమ్మలమడుగు, ఆపైన పులివెందుల. ప్రొద్దుటూరు సభలో షామియానా కూడా వేయించారు, నాయకులకు. ఎండకు అలవాటు పడాల్సింది పిల్లలు గనుక వాళ్లను బయట నిలబెట్టారు. ఆశయం విషయంలో ఛైర్మన్ గారు రాజీపడే మనిషి కాదు.

తొలి శాలువా ఆయనే కప్పారు. ఉన్ని శాలువా. చలిప్రాంతపు పిల్లలకు ఊరు కాని ఊరు అనిపించకూడదని ప్రత్యేకంగా తెప్పించారు. పళ్లెం పట్టుకుని నిలబడింది శాంసనే. ఛైర్మన్ కప్పాక వార్డు నాయకులు ఊరుకుంటారా? వాళ్లు కప్పాక వ్యాపారులు ఊరుకుంటారా? పిల్లలను ఎక్కించిన టాపు లేని జీపు జమ్మలమడుగు చేరేసరికి పిల్లల కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు.

జమ్మలమడుగు నాయకుడు చివరిగా కప్పిన శాలువాను నూపుర్ తీయబోయింది.

"ఏందప్పా ఇది! మా అన్న కప్పిందే తీస్తాందే?" కమాల్ బాషా అనే కార్యకర్త జీపుకు అడ్డం పడ్డాడు. "మిగతావోల్లవి ముద్దు, మాది చేదా?"

శాంసన్ ఛైర్మన్ చెవి దగ్గరికి వంగాడు. "సార్, అందరివీ తీసేద్దాం. పిల్ల కండ్లు తేలేస్తాంది."

"అడుగున ఉండేది నాది. అందరివీ అంటే నాది గూడా పోవాల గదా!" ఛైర్మన్ గారి గొంతు కరుకెక్కింది. "కప్పినోల్ల ముందర తీస్తే శానా తప్పు శాంసన్. ఊరు దాటినాక చూద్దాంలే."

ఊరు దాటారు. శాలువా మీద ఒక కన్నేసి కమాల్ బాషా కూడా వెంటే వచ్చాడు. పులివెందుల నాయకులు తమ ఊరి పొలిమేరకే శాలువాలతో ఎదురొచ్చారు.

నూపుర్ కూలిపోయింది అక్కడే.

నర్సింగ్ హోమ్‌లో రేష్మా ఉల్లిగడ్డ ఒలిచినట్టు ఆ పొరలన్నీ ఒలిచింది. ఐస్ వచ్చింది. సెలైన్ ఎక్కింది. చాలాసేపటికి పిల్ల కళ్లు తెరిచింది. "గండం గడిచిందప్పా. ఇంకాసేపుంటే మనిషి దక్కేది కాదు," అంది రేష్మా.

"ప్రభువా!" అని శాంసన్ ఊపిరి పీల్చుకునేలోపే తలుపు తెరుచుకుంది. కెమెరాలు, వాటి వెనుక కార్యకర్తలు, అందరికీ ముందు ఛైర్మన్ గారు. చేతిలో కొత్త శాలువా.

"సార్, అది వద్దు!" అరిచింది రేష్మా.

"పరామర్శకు ఒట్టి చేతుల్తో వస్తే ఏం బాగుంటాది తల్లీ?" అంటూ ఆయన పిల్ల మెడదాకా కప్పేశారు. తర్వాత కెమెరాల వైపు తిరిగారు. "ఈ ఘోరానికి కారకుడు ఎంతటివాడైనా ఈ పొద్దే సస్పెండ్ చేయిస్తా. నా అనుమానం ఈ శాంసన్ మీదే. అయినా ధర్మం ధర్మమే. ఆ బిడ్డ నోటితోనే విందాం."

శాంసన్ మళ్లీ గోడకు ఆనుకున్నాడు.

"నిన్నిట్లా చేసిందెవరు బేటీ? భయపడొద్దు, పేరు చెప్పు," అని ఛైర్మన్ గారు హిందీలో లాలనగా అడిగారు.

నూపుర్ శాంసన్‌ను చూసింది. కెమెరాలను చూసింది. శాలువాను కాళ్లతో కిందికి తన్నేసి, చెయ్యెత్తి ఎదురుగా చూపించింది. పొద్దుటినుంచీ మైకుల్లో విన్న పేరును విన్నట్టే పలికింది.

"త్రివిక్రమరావు గారు."

వెనకాల ఉన్న కార్యకర్తలకు ప్రశ్న వినపడలేదు. పేరు మాత్రం వినపడింది. కమాల్ బాషా పిడికిలెత్తాడు. మిగతావాళ్లు నర్సింగ్ హోమ్ దద్దరిల్లేలా అందుకున్నారు.

"త్రివిక్రమరావు గారికీ... జై!"