నొక్కడానికి వీల్లేదు

మంత్రిగారు మైకు ముందు నిలబడి, దేశంలోనే మొట్టమొదటిసారిగా ఒక్క బటన్ నొక్కితే చాలు, మనిషి చెయ్యి పడకుండా పనంతా చేసిపెట్టే రోబో తమ శిక్షణ కేంద్రంలో సిద్ధంగా ఉందనీ, శుక్రవారం పదకొండు గంటలకు ఆ బటన్‌ను స్వహస్తాలతో నొక్కి యువతకు అంకితం చేస్తాననీ ప్రకటించారు.

అందులో అబద్ధమేమీ లేదు. రోబో లేదు, బటన్ లేదు, అంతే. మైకు మాత్రం నిజం.

కేంద్రంలో ఉన్నదల్లా హాల్లో ఒక పెద్ద కంప్యూటర్, అందులో రోబోను బొమ్మగా ఆడించి చూసుకునే సాఫ్ట్‌వేర్. తెర మీద పసుపుపచ్చ ఇనుప చెయ్యి ఒకటి పెట్టెలెత్తి ఇటునుంచి అటు పెడుతుంది. అసలు రోబోను కొనే కాగితాలు నాలుగేళ్లుగా బల్లలు మారుతూ, రోబో కంటే చురుగ్గా తిరుగుతున్నాయి.

ఆ బటన్ తయారు చేయాల్సింది తనేనని కాంట్రాక్టు ప్రోగ్రామరమ్మకు పేపరు చదివాకే తెలిసింది. సాఫ్ట్‌వేర్ పైవరసలో కొత్త బటన్ పుట్టించాలంటే యాడ్-ఇన్ అనే చిన్న ప్రోగ్రాం రాసి తగిలించాలి. డైరెక్టర్ పిలిచి ధైర్యం చెప్పారు.

"శుక్రవారంతోనే కదమ్మా మీ కాంట్రాక్టు అయిపోయేది? బటన్ పనిచేస్తే పొడిగిస్తాం. పనిచేయకపోతే... చదువుకున్నవారు, మీకు చెప్పేదేముంది."

ఇంట్లో ఉద్యోగం ఉన్నది ఆమె ఒక్కదానికే. వాళ్లమ్మ గంటకోసారి ఫోన్ చేసి, "ఏమే, నీ బటన్ వెలిగిందా?" అని అడిగేది, పొయ్యి వెలిగిందా అన్నట్టు.

రెండు రోజుల్లో రాసేసింది. బుధవారం హాల్లో కంప్యూటర్‌కి ఎక్కించి నొక్కింది. ఇనుప చెయ్యి టకటకా పెట్టెలు సర్దింది. భోజనం చేసి వచ్చేసరికి బటన్ బూడిద రంగులో పడుంది.

"ఈ రంగేంటి?" అన్నారు డైరెక్టర్.

"నొక్కడానికి వీల్లేదని అర్థం సార్."

"మంత్రిగారు నొక్కడానికి వీల్లేదా?"

"ఎవరు నొక్కడానికీ వీల్లేదు సార్."

"అందరికీ సమానమే అంటారా, బావుంది. మంత్రిగారికి మాత్రం మినహాయింపు పెట్టండి."

ఇంతలో మంత్రిగారి పీఏ దిగాడు. బూడిద రంగు అవతలి పార్టీ జెండాలో ఉందని మండిపడ్డాడు. బటన్ మీద వేయడానికి మంత్రిగారి ఫొటో తెచ్చాడు. బటనేమో చిటికెనవేలి గోరంత.

"మీసం ఏదమ్మా?"

"అంత చిన్న బొమ్మలో మీసానికి చుక్కలు సరిపోవు సార్."

"సరిపోకపోవడమేంటి? పక్క బటన్ల చుక్కలు తీసుకోండి!"

గురువారం పొద్దున్నే యాడ్-ఇన్ మళ్లీ ఎక్కించింది. వెలిగింది. పదకొండుకల్లా మళ్లీ బూడిద. లోపల ఏం జరుగుతోందో చూద్దామని మౌస్ పట్టుకోబోతే డైరెక్టర్ అడ్డుపడ్డారు.

"ముట్టుకోకండి. కమిటీ వేశాం. దర్యాప్తు అయ్యేదాకా కంప్యూటర్ మా స్వాధీనంలో ఉంటుంది."

కమిటీ సాయంత్రం దాకా బటన్‌ను నలువైపులా చూసి, కొత్త మౌస్, దాని కింద కొత్త అట్ట, ఇంకో కమిటీ కావాలని తేల్చింది.

ఇంత గందరగోళంలోనూ నిబ్బరంగా తన పని తాను చేసుకుపోయిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. ఆయనే ఇన్‌వర్డ్ గుమాస్తా. ఎంత పొగిడినా తక్కువే. బయటినుంచి లోపలికి ఏదొచ్చినా నంబర్ వేసి రిజిస్టర్‌లో ఎక్కిస్తేగానీ ఆయనకు అన్నం సహించదు. నంబర్ లేని కాగితం డైరెక్టర్ కంటితో కూడా చూడరు. కుర్చీలకు నంబర్, ఫ్యాన్లకు నంబర్, ఓసారి డైరెక్టర్‌గారి టిఫిన్ డబ్బాకూ నంబర్. రోజూ పదిన్నరకు ఒకసారి, భోజనాలయ్యాక ఇంకోసారి గదులన్నీ చుట్టివస్తాడు.

శుక్రవారం పది గంటలకు, కాళ్లావేళ్లా పడితే, ప్రోగ్రామరమ్మను కంప్యూటర్ దగ్గరికి ఐదు నిమిషాలు రానిచ్చారు. ఎక్కించింది. వెలిగింది. బయటికొచ్చి, "వెలిగిందమ్మా!" అని ఫోన్‌లో అరిచింది.

పదకొండుకు మంత్రిగారు నొక్కారు. బూడిద బటన్ చలించలేదు. మళ్లీ నొక్కారు. ఇనుప చెయ్యి గాల్లో అలాగే ఉంది.

మంత్రిగారు ముప్పై ఏళ్ల ప్రజాజీవితం ఉన్నవారు. జనం వైపు తిరిగి చెయ్యెత్తారు.

"చూశారా! ఎంత నిశ్శబ్దంగా పనిచేస్తోందో!"

చప్పట్లు మారుమోగాయి.

"కదల్లేదు కద సార్?" అన్నాడో విలేఖరి.

"కదిలింది, తిరిగొచ్చేసింది కూడా. అదీ దాని వేగం!"

మధ్యాహ్నం ప్రోగ్రామరమ్మ డైరెక్టర్ గదికి వెళ్లింది.

"సార్, నిజానికి బటన్ పనిచేయలేదు. ఒక్కరోజు టైమిస్తే..."

"మంత్రిగారు పనిచేసిందన్నారు."

"అయితే కాంట్రాక్టు పొడిగించండి సార్."

"పనిచేస్తున్న బటన్‌కి మనిషెందుకమ్మా?"

వెళ్లిపోయే ముందు తను రాసింది కాపీ చేసుకుందామని హాల్లో కంప్యూటర్ తెరిచింది. ఇప్పుడు దాని దగ్గర కాపలా కాసేవాళ్లెవరూ లేరు. తన ఫైలు చూసింది. చూసి, నేరుగా ఇన్‌వర్డ్ సెక్షన్‌కొచ్చి గుమాస్తా ముందు నిలబడింది.

"అంకుల్, నా ఫైలు పేరు ముందు 4417 అని ఎవరు చేర్చారు?"

ఇక దాచి లాభం లేదు. ఆ గుమాస్తాను నేనే. పైన పొగిడింది కూడా నన్ను నేనే.

కంప్యూటర్‌లోకి కొత్తగా ఏ ఫైలొచ్చినా పేరు ముందు నంబర్ చేర్చమని పోయిన నెల సర్క్యులర్ వచ్చింది. ఆమె మూడుసార్లు ఎక్కించింది, నేను మూడుసార్లు చేర్చాను. పేరు మారితే బటన్‌కి ఆ ఫైలు దొరకదట.

"ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కద అంకుల్," అంది. తిట్టినా బావుండేది. చేతిలో ఫోన్ మోగుతోంది. వాళ్లమ్మ. ఎత్తలేదు.

ఆమె గేటు దాటకముందే డైరెక్టర్‌కు ఉత్తరం రాశాను. తప్పు నాది, బటన్‌ది కాదు, ఆ అమ్మాయిది అసలే కాదు, దయచేసి కాంట్రాక్టు పొడిగించండి అని. రిజిస్టర్‌లో ఎక్కిస్తే సెక్షనంతా చదువుతుందని సిగ్గేసి, నంబర్ వేయకుండానే తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను నంబర్ వేయని కాగితం అదొక్కటే.

గంటలో తిరిగొచ్చింది. మీద ఎర్రసిరాతో ఒకే ఒక్క లైను:

"నంబర్ లేదు. చదవడానికి వీల్లేదు."