ఎనిమిది గుర్రాల శిక్షణ

శిక్షణ విషయంలో బస్తర్ సంస్థానానికి వంక పెట్టగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. శిక్షణ లేనివాణ్ణి ఏ యంత్రాన్నీ ముట్టనివ్వకూడదన్నది అక్కడి మొదటి నియమం. యంత్రాన్ని ముట్టనివాడికి శిక్షణ అయినట్టు ఒప్పుకోకూడదన్నది రెండో నియమం. ఈ రెండింటినీ ఏళ్ల తరబడి నిష్ఠగా పాటించడం వల్ల సంస్థానంలోని యంత్రాలన్నీ మనిషి చెయ్యి తగలకుండా మెరుస్తూ ఉండేవి. (తుప్పు కూడా ఎండలో మెరుస్తుంది.)

అలాంటి సంస్థానంలో మెకానికల్ ఇంజనీరుగా చేరాడు రామనర్సయ్య. తెలుగు మాట్లాడే కోంటా వైపు కుర్రవాడు. సంస్థానమే ఉపకారవేతనమిచ్చి మద్రాసు పంపి చదివించింది. చదువు ముగిసి తిరిగొచ్చాక, జగదల్‌పూర్‌లో ఇంద్రావతి ఒడ్డునున్న నీళ్ల పంపు దగ్గర వేసింది. హోదా "సహాయ ఇంజనీరు, శిక్షణ కావలసినవాడు". ఆ పంపు ఆవిరితో నడుస్తుంది. కట్టెలు మండించి బాయిలరులో నీళ్లు మరిగిస్తే, ఆ ఆవిరి ఇంజన్ను తిప్పుతుంది. ఇంజను నది నీళ్లు తోడి అతిథి బంగళా తోటలోని ఫౌంటెనుకూ, మిగిలితే ఆస్పత్రికీ పంపుతుంది.

మొదటి రోజే రామనర్సయ్య బాయిలరు చుట్టూ తిరిగి చూశాడు. చూసి ఆగిపోయాడు. ఆవిరి మితిమీరితే తనంతట తాను తెరుచుకుని, బుస్సుమని దాన్ని బయటికి వదిలేసే మూత ఒకటి బాయిలరు మీద ఉంటుంది. దాన్ని ఇనుప తీగతో బిగించి కట్టేసి ఉంచారు.

"ఇది ఎవరు కట్టిన్రు?" అని అడిగాడు.

పొయ్యిలో కట్టెలు వేసే లచ్చు తల గోక్కున్నాడు. "నేనే బాబూ. సాబ్ కట్టమన్నడు. ఇది బుస్సుమంటే ఆయనకు పగటినిద్ర పడతలేదంట."

కట్టెల మోపు దించుతున్న ఉప్పలమ్మ, కోంటా మాట చెవిన పడేసరికి తలెత్తి చూసింది. ఆమెదీ అటువైపే. కూలి కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

"ఏంది బిడ్డా, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నవ్?"

"పెద్దమ్మా, ఆ మూత తెరుచుకోకుంటే ఇది పగులుతది."

"ఎప్పుడు?"

"అది చెప్పలేం."

"రోజు తెలిస్తే బాగుండు. ఆ రోజు రాకుంటుంటిమి" అని ఉప్పలమ్మ ఇంకో మోపుకు వెళ్లింది.

రామనర్సయ్య అక్కడి నుంచి నేరుగా పై అధికారి వామన్‌రావు పాఠక్ దగ్గరికి పోయాడు. ఆయన గుర్రాలశాలలో ఉన్నాడు. ఆయన కచేరీ అక్కడే. ఆ ఇంజన్ను కొన్ననాడు దానితో వచ్చిన పత్రంలో "ఎనిమిది గుర్రాల బలం" అని ఉండటం చూసి, అప్పటి పెద్దలు దాన్ని గుర్రాలశాల కింద చేర్చారు. గుర్రాలు కంటికి కనబడకపోయేసరికి కొంచెం తర్జనభర్జన జరిగింది గాని, లోపల ఉండి ఉంటాయని సమాధానపడ్డారు. ఏటా ఎనిమిది గుర్రాల దాణా మంజూరయ్యేది. (దాణా ఎవరు తిన్నారన్నది ఈ కథకు సంబంధం లేని సంగతి. పాఠక్ సాహెబ్ మాత్రం మంచి పుష్టిగా ఉండేవాడు.)

పాఠక్ హిందీలోనే మాట్లాడేవాడు. ఇక్కడ తెలుగులో చెబుతున్నాం.

"మూత కట్టేశారు సార్. ప్రమాదం. తీగ తీసేయమని ఆజ్ఞ ఇప్పించండి."

"నీకు శిక్షణ అయిందా బేటా?"

"ఇంకా లేదు సార్. అదీ ఇప్పించమనే అడుగుతున్నాను. పాత ఇంజనీరెవరైనా ఉంటే ఆయన పక్కన నిలబడి నేర్చుకుంటాను. లేదా ఏ రైల్వే వర్క్‌షాపుకో పంపండి."

"బయటికెందుకు? సంస్థానంలో లేనిదేముంది?" అంటూ పాఠక్ ఒక ఎర్ర గుర్రం వైపు చెయ్యి చూపాడు. "ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు."

రామనర్సయ్య నవ్వాడు. పాఠక్ నవ్వలేదు. అప్పుడు రామనర్సయ్య కూడా నవ్వు ఆపి, బ్రష్షు అందుకున్నాడు.

ఆ గుర్రానికి మాలీషు చేశాడు, మేత వేశాడు, నాడాలు కొట్టించాడు. గుర్రం వెనక ఎంత దూరంలో నిలబడకూడదో స్వానుభవం మీద తెలుసుకున్నాడు. వాళ్ల నాయనకు మాత్రం ఇంజను పని నేర్చుకుంటున్నానని కబురు పంపాడు. అది అబద్ధమని ఎవరూ అనలేరు. సంస్థానం లెక్కలో అది ఇంజను పనే.

అయినా ఆ తీగ మనసులోంచి పోలేదు. ఒక మధ్యాహ్నం శాల నుంచి జారుకుని పంపు దగ్గరికి వెళ్లి, లచ్చు వద్దంటున్నా వినకుండా తీగ కత్తిరించేశాడు. మూత తెరుచుకుంది. కొన్నేళ్లుగా ఊపిరి బిగబట్టుకున్నట్టు ఆవిరి ఒక్కసారిగా గుప్పుమంది. నది అవతలి ఒడ్డున కొంగలు లేచాయి. ఇవతలి ఒడ్డున పాఠక్ సాహెబ్ లేచాడు.

పంచె కుచ్చిళ్లు చేత్తో పట్టుకునే వచ్చాడాయన. "ఎవడు?"

"నేనే సార్."

"శిక్షణ కాకుండా యంత్రాన్ని ముట్టుకున్నావు. నువ్వు నేర్చుకున్న గుర్రం రద్దు. మళ్లీ మొదటి నుంచి."

లచ్చు తీగను ఈసారి రెండు పేటలుగా కట్టాడు. కడుతూ, "నువ్వు మంచికే చేసినవ్ బాబూ. తిట్లు మాత్రం నాకు పడ్డయి" అన్నాడు.

రామనర్సయ్య ఆ తీగను ఇంకోసారి తెంపలేదు. ఇంకోసారి తెంపితే ఉద్యోగమే ఉండదని పాఠక్ చెప్పాడు. ఉద్యోగం పోయిన ఇంజనీరు బాయిలరు గురించి ఏం చెప్పినా ఎవరూ వినరు కదా అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. (ఉద్యోగంలో ఉన్న ఇంజనీరు చెప్పినా ఎవరూ వినడం లేదన్న సంగతి అప్పటికి తట్టలేదు. పడుకున్నాక తట్టేది.)

మొదటి గుర్రం రెండోసారి పూర్తయింది. శిక్షణ అయినట్టు చెప్పమని అడగబోతే పాఠక్ ఎదురు ప్రశ్న వేశాడు. "ఇంజనులో గుర్రాలెన్ని?"

"ఎనిమిది. కానీ సార్, అది..."

"నీకు అయినవి ఎన్ని?"

చిక్కేమిటంటే శాలలో ఉన్న గుర్రాలు ఐదే. మిగతా మూడు ఎక్కడి నుంచి తేవాలన్న విషయం మీద ఒక సంఘం కూర్చుంది. అందులో పశువైద్యుడు, తోట పర్యవేక్షకుడు, సభ్యులు బేసి సంఖ్యలో ఉండాలి గనక ఒక విశ్రాంత సన్నాయి విద్వాంసుడు ఉన్నారు. ఏనుగులశాలలోని చంపాకలి అనే ఏనుగు మూడు గుర్రాలకు సమానమనీ, పడుకున్నప్పుడు మాత్రం రెండింటికేననీ వారు ఏకగ్రీవంగా తేల్చారు. కనుక రామనర్సయ్య దాన్ని నిలబడి ఉన్నప్పుడే నేర్చుకోవాలి.

అతను ఐదు గుర్రాలు ముగించి ఏనుగు దగ్గరికి చేరేసరికి అతిథి బంగళాకు ఒక పెద్ద దొర వస్తున్నాడన్న వార్త వచ్చింది. ఆ దొర ముందు ఫౌంటెను బంగళా కప్పును మించి ఎగరాలని పాఠక్ ఆజ్ఞ. ఎప్పుడూ నడుము ఎత్తు దాటని ఫౌంటెను అది.

దొర వచ్చిన ఉదయం రామనర్సయ్య చంపాకలిని స్నానానికి నదికి తోలుకొస్తున్నాడు. దాని మెడ మీద కూర్చుని చూస్తే పంపు గది పొగగొట్టం కనబడింది. ఎన్నడూ లేనంత నల్లటి పొగ. లోపల లచ్చు కట్టెలు దట్టిస్తున్నాడు. మోపులు మోసే ఆడవాళ్లు బాయిలరు గోడకు ఆనుకుని వరసగా కూర్చుని ఉన్నారు. నీడ ఉన్నది అక్కడే.

"లేవండి! దూరం పోండి!" అని అరిచాడు. వాళ్లు అతని వైపు చూసి నవ్వారు. ఏనుగెక్కిన ఇంజనీరును చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

రామనర్సయ్య రెండు కాళ్లతో చంపాకలి చెవుల వెనక పొడిచాడు. సంస్థానం అతనికి నిజంగా నేర్పిన విద్య ఇదొక్కటే. ఏనుగు ఘీంకరించి నేరుగా పంపు గది మీదికి నడిచింది. ఆడవాళ్లు ఒక్క కేక పెట్టి, మోపులు అక్కడే పడేసి, చెట్లలోకి పరుగు తీశారు. ఉప్పలమ్మ పరిగెత్తుతూనే, "నీకేం పుట్టింది రా!" అని తిట్టింది.

లచ్చు కదల్లేదు. పొయ్యి ముందే నిలబడి ఉన్నాడు.

"లచ్చూ, బయటికి రా!"

"సాబ్ వచ్చేదాంక కదలొద్దన్నడు బాబూ."

రామనర్సయ్య ఏనుగు మీది నుంచి దూకి, లచ్చు నడుం పట్టుకుని ఈడ్చాడు. లచ్చు పెనుగులాడాడు, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మాట తప్పని మనిషి. ఇద్దరూ గుమ్మం దాటుతుండగా వెనక బాయిలరు పగిలింది. పైకప్పు రేకులు, అప్పటికే నీళ్లలోకి దిగిన చంపాకలిని దాటి, నదిలో పడ్డాయి. ముందున్న రామనర్సయ్య దెబ్బ తప్పించుకున్నాడు. గుమ్మం బద్దను పట్టుకున్న లచ్చు రెండు చేతులూ మోచేతుల దాకా ఆవిరికి ఉడికిపోయాయి.

ఆ ఉదయం ఫౌంటెను బంగళా కప్పును మించే ఎగిరింది. ఒక్కసారి. దొర చప్పట్లు కొట్టాడని చెబుతారు.

విచారణ సక్రమంగా జరిగింది. పాఠక్ సాహెబ్, తాను జీవితంలో ఏనాడూ ఆ యంత్రాన్ని ముట్టుకోలేదని వాంగ్మూలం ఇచ్చాడు. అది నిజమే గనుక ఆయన మీద తప్పు నిలవలేదు. తీగ ఆయనే కట్టించాడని రామనర్సయ్య చెప్పాడు. అది తీగేనని గుర్తుపట్టడానికి నీకు శిక్షణ అయిందా అని అడిగారు. ఏనుగులో సగమే అయిందన్నాడు. అతని సాక్ష్యం పక్కన పెట్టారు. చివరికి, శిక్షణ లేకుండా ఇంతకాలం బాయిలరులో కట్టెలు వేసినందుకు లచ్చును కొలువు నుంచి తీసేశారు. (అతన్ని ఆ పనిలో ఎవరు పెట్టారన్నది విచారణ పరిధిలోకి రాలేదు.) చనిపోయిన ఎనిమిది గుర్రాలకు సంతాపం తెలిపారు.

రామనర్సయ్య ఆస్పత్రికి వెళ్లాడు. పంపు లేదు గనక అక్కడ నీళ్లు లేవు. ఉప్పలమ్మ నది నుంచి కడవతో తెచ్చిన నీళ్లతో లచ్చు కట్లు తడిపి విప్పుతోంది. లచ్చు పళ్లు బిగించి గోడ వైపు చూస్తున్నాడు.

"నిన్ను ముందే ఈడ్చుకపోవాల్సింది లచ్చూ" అన్నాడు రామనర్సయ్య. "ఆ తీగ మళ్ల తెంపాల్సింది."

"తెంపితే మళ్ల నాతోనే కట్టిస్తుండె బాబూ."

అప్పుడే కచేరీ గుమాస్తా సీతారాములు, రామనర్సయ్య కోసం వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు. భోపాలపట్నం మనిషి, హిందీ ఆజ్ఞలను తెలుగువాళ్లకు నోటితో చెప్పడం అతని పని.

"నీ సంగతి తేలింది రామనర్సయ్యా" అన్నాడు. "నీకు మూడేండ్లు శిక్షా పడ్డది."

ఉప్పలమ్మ చేతిలోని కడవ దించేసింది. "అయ్యో! మమ్ముల బతికించినందుకా? మూడేండ్లు శిక్షనా ఈ పిలగానికి?"

"జైలు కాదు పెద్దమ్మా" అన్నాడు రామనర్సయ్య. "అది హిందీ మాట. శిక్షా అంటే వాళ్ల భాషల చదువు, నేర్పుడు. నన్ను మళ్ల నేర్చుకోమంటున్నరు."

"మొదటి గుర్రం నుంచి" అని సీతారాములు పూర్తిచేశాడు.

ఉప్పలమ్మ మళ్లీ కట్ల మీదికి వంగింది. తడిసిన గుడ్డను లచ్చు చేతి మీది నుంచి మెల్లగా ఊడదీసింది. గుడ్డతో పాటు వచ్చినదాన్ని చూసి, ఇంజనీరు వైపు తిరిగింది.

"మరి లచ్చుకు పడ్డ శిక్ష ఏ భాషల బిడ్డా?"

రామనర్సయ్య కడవ అందుకుని, ఏ శిక్షణా అక్కర్లేని పని గనక, నీళ్లకు నదికి నడిచాడు.