లోకేశ్వరి కంప్యూటర్లో ఆరుగురు

"నా కన్ను పడినాక తప్పించుకున్న నేరస్తుడు ఇంతవరకూ పుట్టలేదు, అమ్మణ్ణీ. ఇకమీదట పుడితే పురిట్లోనే పట్టుకుంటా."

యోగానంద మామ అట్లా ప్రకటించి, నల్లద్దాలు పెట్టుకొని, అంగట్లోకి అడుగుపెట్టి స్టూలును తన్నుకున్నాడు. లోకేశ్వరి స్టూలు పక్కకి జరిపింది. అంతకంటే ఆమె చేయగలిగింది ఏముండాది?

ఈయన రేణిగుంట రైల్వే పార్సిలాఫీసులో ముప్పై ఏండ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఒకసారి గూడూరు నుంచి వచ్చిన నిమ్మకాయల మూట కనబడకుండా పోతే పదో రోజు కనిపెట్టినాడు. అప్పటికి వాసన ప్లాట్‌ఫారమంతా కొడతా ఉండె, ముక్కుండే వాడెవడైనా కనిపెట్టును. అయినా ఆ రోజు నుంచీ ఆయన డిటెక్టివే.

లోకేశ్వరికి స్టేషను రోడ్డులో జెరాక్సు, ఆన్‌లైను అంగడి ఉండాది. శుక్రవారం పొద్దున తిరుపతి నుంచి ఆఫీసరు వస్తాడు. పరీక్షల అప్లికేషన్లు నింపే సెంటరు ఈ రోడ్డులో ఒక్కరికే ఇస్తారు, ఆమెకో, ఎదురంగడి ప్రతాప్‌కో. ఆ సెంటరు వస్తే పక్కనుండే ఏర్పేడు పిల్లలు కూడా ఈడికే వస్తారు. రాకపోతే అంగడికి తాళం వేసుకోవాల్సిందే. కంప్యూటరు ఏ తప్పూ చూపించకూడదని ఆఫీసు పంపిన కాయితంలోనే రాసినారు.

అందుకనే ఆమె సోమవారం కంప్యూటరంతా సర్దింది. పంచాంగం చూడకుండా ఆ అంగట్లో కాయితం కదలదు. ప్రతి ఉగాదికీ కొత్త పంచాంగం సాఫ్ట్‌వేరు వేయించుకుంటుంది. ఇంట్లో పాత పంచాంగాలు పారేయకుండా అటకెక్కించినట్టే, కంప్యూటర్లోవి కూడా "అటక" అని ఫోల్డరు చేసి దాంట్లోకి జరిపింది. పద్ధతిగా చేసినానని సంతోషపడింది కూడా.

మంగళవారం అగరొత్తి ముట్టించి స్విచ్చి వేసిందో లేదో, తెర మీద ఎర్ర గుర్తుతో ఒక హెచ్చరిక లేచింది. ఏదో పాత భాగం దొరకలేదంట. పేరు చూస్తే ఇంగ్లీషు పొడి అక్షరాలూ అంకెలూ. మూస్తే ఇంకొకటి. మొత్తం ఆరు. బుధవారమూ ఆరే. రిపేరు చేసే మోహన్‌కృష్ణ ఊర్లో లేడు, శనివారం గానీ రాడు. లోకేశ్వరికి ఏడుపొక్కటే తక్కువ. గురువారం పొద్దున ఆ మొఖం చూసి మామ కేసు పట్టుకున్నాడు. ఎవురూ ఇయ్యలేదు, ఆయనే పట్టుకున్నాడు.

ఆ హెచ్చరికలు ఎన్నింటికి వస్తాయని అడిగినాడు. మూడు రోజులుగా ఎనిమిదీ పదికి, అనింది.

"అంటే నేరస్తుడు టైము తప్పడు. రైల్వే మనిషి కాదు, రాసిపెట్టుకో."

నేను స్విచ్చి వేసేది ఆ టైముకేనని ఆమె చెప్పింది గానీ మామ చెవిన పడలేదు. ఆపి, పదకొండుకి వేయమన్నాడు. పదకొండుకి ఆరూ వచ్చినాయి. మామ రోడ్డు వైపు తొంగిచూసినాడు.

"వాడు మనల్ని చూస్తా ఉండాడు," అన్నాడు గొంతు తగ్గించి.

చూసేవాడు ఇంకెవరు, ఎదురంగడి ప్రతాప్. మామ పోయి వాడి గుమ్మం పక్కన పేపరుకి చిల్లు పెట్టి, దాంట్లోంచి చూస్తా కూర్చున్నాడు. ప్రతాప్ ఆ చిల్లులోకి వంగి చూసి, కాఫీ తాగుతావా మామా అని అడిగి తెప్పించినాడు. మామ తాగి తిరిగొచ్చి, విషం కలపలేదు కాబట్టి వాడు చానా తెలివైనోడని తేల్చినాడు.

ఇక మిగిలింది వేలిముద్రలు. లోకేశ్వరి అటు తిరిగి జెరాక్సు తీసేలోపల, దేవుడి పటం దగ్గరి విభూతి పొట్లం కీబోర్డు మీద గుమ్మరించేసినాడు. ఆమె నెత్తి కొట్టుకుంది. తిట్టే ముందరే తుడిచేయాలని మామ తువ్వాలతో కీబోర్డంతా గట్టిగా రుద్దినాడు. ఏ మీటలు ఎట్లా నొక్కుకున్నాయో ఏమో, తెర మీద ఒక పెద్ద లిస్టు తెరుచుకుంది. కంప్యూటరు లేస్తూనే దాంతో పాటు ఏమేమి లేవాల్నో ఆ లిస్టు.

"దొరికినారు," అన్నాడు మామ. "వికారి, శార్వరి, ప్లవ, శుభకృతు, శోభకృతు, క్రోధి. ఆరుగురు! ఆ పేర్లు చూడు, ఇంటర్‌స్టేట్ ముఠా."

తెలుగు సంవత్సరాల పేర్లు మామా అవి, అనబోయింది లోకేశ్వరి. అంతలో విభూతి మామ ముక్కులోకి పోయింది. ఆయన తుమ్మిన తుమ్ముకి చెయ్యి మౌసు మీద పడి, వికారి పేరుకి ఎదురుగా ఉండే టిక్కు పోయింది. ఇంకో తుమ్ముకి కాలు తగిలి ప్లగ్గు ఊడిపోయింది.

లోకేశ్వరి ప్లగ్గు పెట్టి మళ్ళా స్విచ్చి వేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరోది రాలేదు.

అప్పుడు తెలిసింది ఆమెకి. పంచాంగాలనైతే అటకెక్కించింది గానీ, పొద్దున్నే లేచి పని చూడమని వాటికి చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు. కంప్యూటరు రోజూ వాటిని పాత చోట వెతికి, దొరక్క మొత్తుకుంటా ఉండాది. తప్పు తనదే.

మిగతా ఐదింటినీ ఆ లిస్టులో ఆపేసింది. పాతవన్నీ పూర్తిగా తీసేద్దామంటే పంచాంగాన్ని చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాలేదు. పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దానికి కుంకుమ పెట్టి, ఇంట్లో నిజం అటక మీద పెట్టి వచ్చింది. ఆ తర్వాతనే కంప్యూటర్లోంచి తుడిచేసింది. స్విచ్చి వేస్తే ఒక్క హెచ్చరిక కూడా లేదు. మామ మాత్రం ముఠాను అరెస్టు చేసినానని స్టేషను రోడ్డంతా చెప్పుకొని వచ్చినాడు.

శుక్రవారం పదికి ఆఫీసరు సుబ్రమణ్యం వచ్చినాడు. కంప్యూటరు చప్పుడు లేకుండా లేచింది. ఆయన అంతా చూసి తల ఊపి, పెన్ను తీసి ఆగినాడు.

"వర్జ్యం ఏమన్నా ఉండాదేమో చూడమ్మా. మంచి పని కదా."

లోకేశ్వరి ఈ ఏటి పంచాంగం తెరిచింది, పైన సంవత్సరం పేరు పెద్దక్షరాల్లో ఉండాది. వర్జ్యం తెల్లారకముందే పోయింది. రాహుకాలానికి ఇంకా ఇరవై నిమిషాలుండాయి. ఆయన సంతకానికి వంగినాడు.

"ఆగండి సార్." గుమ్మంలోంచి యోగానంద మామ నల్లద్దాలు తీసి తెర వైపు వేలు చూపించినాడు. "సంతకం పెట్టొద్దు. ముఠా నాయకుడు ఇంకా లోపలే ఉండాడు. విశ్వావసు!"

ఆఫీసరు తెర చూసినాడు, మామను చూసినాడు, మళ్ళా తెర చూసినాడు.

"వాణ్ణి మీరు పట్టుకోవాల్సిన పన్లేదప్పా," అన్నాడు సంతకం పెడతా. "ఉగాదికి వాడే పోతాడు."