పనిచేసే వయసు దాటిన పెద్దమ్మ

దేశంలో ఏ సరుకు తగ్గినా జనం ఓర్చుకుంటారు గానీ, పనిచేసే వయసులో ఉన్న ఆడవాళ్లు తగ్గిపోతే మాత్రం ఊరుకునేది లేదని వయోలెక్కల శాఖ తీర్మానించింది. ఆడజనాభాలో పదిహేను నుంచి అరవై నాలుగేళ్ల వారి వాటా దశాబ్దాల పాటు పెరిగి పెరిగి, ఇప్పుడు జారడం మొదలుపెట్టిందట. అరవై నాలుగు దాటి జారినవాళ్లనైనా మర్యాదగా సాగనంపాలని శాఖ వారికి ఫోను సందేశాలు పంపసాగింది. (మర్యాదకు ఖర్చు లేదు గనక అనుమతి వెంటనే దొరికింది.)

వీధంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడకు ఆ సందేశం దుప్పటి పిండుతుండగా వచ్చింది. "అభినందనలు. నేటితో మీరు పనిచేసే వయసు దాటారు." పెద్దమ్మ రెండుసార్లు చదువుకుంది. దుప్పటిని బకెట్లోకి వదిలేసి, చేతులు తుడుచుకుని, వెళ్లి వాలుకుర్చీలో కూర్చుంది. ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లూ ఆ కుర్చీ దుమ్ము దులపడమే గానీ దాని సుఖం ఆవిడ ఎరగదు.

"టీ ఏదే?" అన్నాడు పెద్దనాన్న. ఆయన రిటైరై చాన్నాళ్లయింది. అప్పట్నుంచీ విశ్రాంతి తీసుకుని తీసుకుని అలసిపోతున్నాడు.

"నాకు వయసు దాటిందండీ. గవర్నమెంటే చెప్పింది."

"వయసు దాటితే టీ పెట్టకూడదా?"

"పనిచేసే వయసండీ దాటింది. టీ పెట్టడం పని కాదూ?"

పెద్దనాన్న రూలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ పూటకు మంచినీళ్లతో సరిపెట్టుకున్నాడు. మర్నాడు ఉతికిన చొక్కా దొరక్కపోయేసరికి, విడిచిన చొక్కానే తగిలించుకుని పెద్దమ్మను శాఖ ఆఫీసుకు లాక్కెళ్లాడు.

అక్కడ వయోపరిమితి అధికారి కంప్యూటర్లో ఆవిడ వివరాలు చూసి తేలిగ్గా నవ్వాడు. "మీరు పొరబడ్డారమ్మా. మీకు పనిచేసే వయసు ఉండేదే తప్ప, పని ఏమీ లేదనే ఉంది ఇక్కడ. ఇప్పుడు ఆ వయసు కూడా పోయింది కాబట్టి ఆధారపడినవారి కింద వేశాం."

"ఎవరి మీద ఆధారపడ్డాను నాయనా?"

"మీవారి మీద."

మీవారు సరిగ్గా అప్పుడే, "నా కళ్లజోడు ఏ జేబులో ఉందే?" అన్నాడు.

పెద్దమ్మ ఆయన పై జేబు చూపించి, అధికారి వైపు తిరిగింది. "అయితే బాబూ, నేను మానేసింది చెయ్యని పనే కదా! మరి ఈయనకెందుకు ఇంత కష్టమొచ్చింది?"

అధికారి జవాబు చెప్పబోయేంతలో ఆయన ఫోను మోగింది. ఇంట్లో వాళ్లమ్మ కూడా పని మానేసి కూర్చుందట.

పరిస్థితి చేయి దాటకముందే శాఖ అత్యవసర సమావేశం పెట్టింది. సభ్యులందరూ నలిగిన చొక్కాలతో, ఖాళీ కడుపులతో హాజరై, ఆడవాళ్ల పనిచేసే వయసుకు పై హద్దు ఎత్తేశారు. వాటా ఒక్క సంతకంతో ఎగబాకింది. ("ఆఖరి శ్వాస వరకు" అనే మాట బాగా లేదని ఒకాయన నొచ్చుకోవడంతో "ఓపిక ఉన్నంత కాలం" అని మార్చి, ఎంత ఓపిక ఉందో తేల్చే అధికారం కుటుంబ సభ్యులకు ఇచ్చారు.)

కొత్త సందేశాన్ని పెద్దనాన్నే పైకి చదివాడు. "చూశావా, నీకు మళ్లీ వయసొచ్చింది. లే, లే!"

పెద్దమ్మకు ఏడుపొచ్చినంత పనయింది. "మగవాళ్లకూ ఇంతేనాండీ?" అంది లేస్తూ.

పెద్దనాన్న శ్రద్ధగా చివరిదాకా చదివాడు.

"లేదే. సగటు పాడవకుండా మాకు పై హద్దు యాభైకి దించారు."