పెద్దావిడను మార్చిన ఆదివారం

ఆ ఆదివారం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కింద క్లినిక్కులో ఉన్న సర్వరు విప్పి, పాత హార్డ్ డిస్కు తీసేసి, కొత్త ఎస్ఎస్‌డీ పెట్టడం. ఆ తర్వాత బట్టల బీరువా కొనడానికి దుకాణంలో భార్యను కలుసుకోవడం. కాలేజీలో కంప్యూటర్లు చెప్పే మనిషికి ఇదో లెక్కా?

క్లినిక్కు అత్తగారిది. ఆవిడ పళ్ల డాక్టరు. మందుల అలమర కింది అరలో, చెప్పుల పెట్టె అంతే ఉండే ఆ సర్వరులో పదకొండేళ్ల ఎక్స్‌రేలున్నాయి. ఇంకో కాపీ తీసి పెడదామని అల్లుడు మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు. ఈమధ్య దాన్లోంచి టకటకమని చప్పుడు వస్తోంది. వయసుకు తగ్గట్టు సణుగుతోందని భార్యాభర్తలు ఆ హార్డ్ డిస్కుకి ‘పెద్దావిడ’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

"కొత్తదాంట్లో తిరిగేదేమీ ఉండదత్తయ్యా. అరగదు, చప్పుడు చెయ్యదు," అన్నాడు టీ తాగుతూ.

"చప్పుడు చెయ్యకపోతే ఉందో పోయిందో ఎలా తెలుస్తుంది?"

"అసలు పోతే కదా!"

"పన్నయినా ఊడేముందు నాలుగు రోజులు సలుపుతుంది అల్లుడూ. చెప్పాపెట్టకుండా పోయేవాటితోనే నాకు భయం," అంటూ ఆవిడ, నూనె పట్టించి తీరిగ్గా చేసే ఆదివారం తలస్నానానికి లేచింది.

తొమ్మిదింబావుకల్లా పాతదాంట్లోది కొత్తదాంట్లోకి ఎక్కడం మొదలైంది. అరగంటకు భార్య ఫోన్ చేసింది.

"పెద్దావిడ పనైపోయినట్టే," అన్నాడు అల్లుడు, పక్కగదిలో నర్సు ఉన్న సంగతి మరిచిపోయి. "లోపల ఒకటే టకటక. ఇన్నేళ్లు లాక్కొచ్చింది, అదే ఎక్కువ. ఇంకో గంట, అంతే. నువ్వేం కంగారుపడకు, ముందు బీరువా సంగతి చూడు."

నర్సు పద్దెనిమిదేళ్లుగా డాక్టరమ్మ దగ్గరే ఉంది. ఆవిడను ఎప్పుడూ ‘పెద్దావిడ’ అనే పిలుస్తుంది. పాపం, చేతిలో దూది చేతిలోనే ఉండగా కుర్చీలో కూలబడింది. తల్లి కొనఊపిరితో ఉంటే కూతురు బీరువా బేరమాడటమా! పైకెళ్లి చూసే ధైర్యం చాలక, కళ్లు తుడుచుకుని ఇద్దరికే ఫోన్ చేసింది. ఒకరు డాక్టరమ్మ చెల్లెలు. ఇంకొకరు, మొదటినుంచీ ఇక్కడే పళ్లు చూపించుకుంటున్న రిటైర్డు హెడ్మాస్టరు. మిగతావాళ్లందరికీ ఆ ఇద్దరూ చేశారు.

పదకొండున్నరకు అల్లుడు పాత డిస్కు ఊడదీసి, కొత్తదాంతో పావుగంట సర్వరు నడిపించి చూసి, చేతులు దులుపుకుంటూ బయటికొచ్చేసరికి ముందుగది కిక్కిరిసిపోయి ఉంది. ఒక్కరి మొహంలోనూ కళ లేదు. హెడ్మాస్టరు అతని చెయ్యి పట్టుకున్నారు.

"ధైర్యంగా ఉండు నాయనా. ఎంత సేవ చేసింది!"

ఈయనకెలా తెలిసిందా అని అల్లుడు ఆశ్చర్యపోయాడు. అయినా ఒక డిస్కు మీద ఇందరికి ఇంత అభిమానం ఉన్నందుకు మనసు కరిగింది.

"ఏం చేస్తామండీ, దేనికైనా ఆయుష్షు ఉంటుంది కదా."

"ఇప్పుడెక్కడుంది?" అంది చెల్లెలు గద్గద స్వరంతో.

"ఇప్పుడే తీసి బల్లమీద పెట్టాను పిన్నిగారూ. కావలసిందంతా ముందే లాగేశాను."

పిన్నిగారికి కళ్లు తిరిగాయి. ఆవిడను సర్వరున్న లోపలిగదిలో కూర్చోబెట్టి, గాలి, గాలి అని అందరూ అరిచారు. హెడ్మాస్టరు మూలనున్న టేబుల్ ఫ్యాను తెచ్చి, అలమర పక్కన కనిపించిన ప్లగ్గు పీకేసి, దాని ప్లగ్గు పెట్టారు. ఫ్యాను తిరిగింది. సర్వరు ఆగింది. ఆ హడావుడిలో అదెవరూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే తలకు తువ్వాలు చుట్టుకుని డాక్టరమ్మ మెట్లు దిగింది.

"ఏమిటిది, ఆదివారం పూట ఇంతమంది?"

నర్సు కెవ్వుమని వెనక్కి తగ్గింది. బల్ల ఊగింది. బల్లమీది హార్డ్ డిస్కు జారి ఆమె పాదం మీద పడి, అక్కణ్ణుంచి నేలమీదికి దొర్లింది.

సంగతంతా తెలియడానికి పావుగంట పట్టింది. పిన్నిగారు అక్కను వాటేసుకుని ఏడ్చి, నవ్వి, మళ్లీ ఏడ్చింది. డాక్టరమ్మ కళ్లు కూడా చెమర్చాయి. అయితే ఆ తడికళ్లతోనే గది నాలుగు మూలలా ఒకసారి కలయజూసింది.

"మాస్టారూ, రెండేళ్లయింది మీరు కనబడి. రమ్మన్నప్పుడల్లా ఒంట్లో బాగాలేదన్నారు. రండి, కూర్చోండి. నోరు తెరవండి. ఒక్కరూ కదలొద్దు! వరసగా పిలుస్తాను. అల్లుడూ, మాస్టారి పాత ఎక్స్‌రే తియ్యి."

అల్లుడు మీట నొక్కాడు. తెరంతా చీకటి. ప్లగ్గు సంగతి కనిపెట్టి, దాన్ని తిరిగి గుచ్చి, మళ్లీ నొక్కాడు. సర్వరు మేలుకుంది గానీ కొత్త డిస్కు అనేదే లేదంది. తీసి పెట్టాడు. తుడిచి పెట్టాడు. బతిమాలాడు. ఉలుకూ పలుకూ లేదు.

పదకొండేళ్ల ఎక్స్‌రేలు! ఇక మిగిలింది నేలమీద పడ్డ డిస్కొకటే. దాన్ని తీసి మళ్లీ బిగించాడు.

"వెధవ పని చేశానత్తయ్యా," అన్నాడు నీరసంగా. "మీ పదకొండేళ్ల కష్టం..."

"ముందు నొక్కి చూడు. ఏడుపులు తర్వాత."

నొక్కాడు. ‘జుయ్’మంది. కాసేపటికి టకటకమంది. తెరమీద హెడ్మాస్టరు దవడ ప్రత్యక్షమైంది. ముందుగదిలో చప్పట్లు మోగాయి.

"ఆగిపోయి ఉన్నప్పుడు పడింది కాబట్టి బతికింది," అన్నాడు అల్లుడు, కళ్లు ఒత్తుకుంటూ. "అయినా ఆ టకటక వింటున్నారుగా, ఎన్నాళ్లో ఉండదు."

డాక్టరమ్మ నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం సర్వరు పెట్టెలోకి దూర్చి, లైటు వేసి, అటూ ఇటూ తిప్పి చూసింది. పట్టకారుతో ఏదో పక్కకు జరిపింది. చప్పుడు టక్కున ఆగింది.

"లోపలి చిన్న ఫ్యాను రెక్కకు వైరు తగులుతోంది. నొప్పి ఒకచోట ఉంటే ఇంకోచోట పీకావు," అని అల్లుడి వీపు తట్టింది. "పోనీలే. నువ్వింత కంగారు పెట్టబట్టే అందరూ వచ్చారు. రేపు రెండో కాపీ కూడా పెట్టు."

సాయంత్రానికి పదిహేడు మంది పళ్లు చూసింది ఆవిడ. చివరిగా నర్సు పాదానికి తనే కట్టు కట్టింది.

మర్నాడు కొత్త డిస్కు అమ్మిన దుకాణంవాళ్లిచ్చిన ఫిర్యాదు కాగితంలో ‘ఎంతకాలం వాడారు?’ అన్నచోట అల్లుడు ‘ఇరవై నిమిషాలు’ అని రాశాడు.