దొరబాబు చిప్పుల్లోకి దిగితే

రామచంద్రపురంలో దొరబాబు చెయ్యని వ్యాపారం లేదు. కలిసొచ్చిన వ్యాపారం కూడా లేదు.

ఆ ఉదయం పెసరట్టు తింటూ, "ఆహా, ఏం అల్లప్పచ్చడే!" అన్నాడు.

రామతులసి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పాతికేళ్ళ కాపురంలో ఆ పచ్చడిని ఆయన మెచ్చుకున్నది రెండేసార్లు. మొదటిసారి రొయ్యల చెరువుకి ముందు, రెండోసారి ఈము పక్షుల పెంపకానికి ముందు.

"ఈసారి ఏంటండీ?"

"సెమీకండక్టర్లు. ఫోన్లో, కారులో, అన్నిట్లో ఆ చిప్పులేనట. ప్రపంచమంతా ఫ్యాక్టరీలు కట్టేస్తున్నారు. నీ కొబ్బరితోట అమ్మి షేర్లు కొన్నామంటే..."

ఆ రెండెకరాలూ పుట్టింటివారు ఆవిడకి పసుపు కుంకుమ కింద ఇచ్చినవి. ఆవిడ సంతకం పెట్టకపోతే అందులో కొబ్బరిమట్ట కూడా కదలదు.

"సరే. ఈ జోరు ఎన్నాళ్ళుంటుందండీ?"

దొరబాబు నమలడం ఆపాడు. నిజం చెప్పాలంటే, అది తెలుసుకోవాలని ఆయనకీ మహా కుతూహలంగా ఉంది.

రామతులసి అక్క కూతురు సారిక హైదరాబాదులో చిప్పులు డిజైన్ చేస్తుంది. ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు.

"కచ్చితంగా ఎవరూ చెప్పలేరు బాబాయ్ గారూ. కొరత రాగానే అందరూ ఫ్యాక్టరీలు మొదలెడతారు. కట్టేసరికి మూడు నాలుగేళ్ళు. అందరి సరుకూ ఒకేసారి దిగితే ధర పడిపోతుంది."

"అచ్చం మన రొయ్యలే!" దొరబాబు ఉత్సాహంగా ముందుకు జరిగాడు. "ఊరంతా ఒకేసారి రొయ్యపిల్లల సీడు వేసి, ఒకేసారి పట్టుబడి చేసి అమ్మితే అంతేగా!"

"మరి పడిపోయే ముందు తెలిసేదెలాగండీ?" రామతులసి అమాయకంగా అడిగింది.

"దానికో లెక్కుందే. అందరూ దిగాక ఆఖర్న దిగేవాడు ఒకడుంటాడు. వాడు చెరువు తవ్వాడంటే మిగతావాళ్ళు మూటాముల్లె సర్దుకోవాల్సిందే."

"మన ఊళ్ళో ఆఖర్న తవ్వించిందెవరండీ?"

దొరబాబు పచ్చడి వంక చూశాడు. అందరికన్నా ఆఖర్న తన బంగారంలాంటి వరిచేను చెరువు చేయించిన ఏడాదే తెల్లమచ్చల తెగులు వచ్చి రొయ్యలన్నీ తేలిపోయాయి.

స్పీకర్ సంగతి తెలియక, ఫోన్ పిన్ని చేతికి వచ్చిందనుకున్న సారిక గొంతు తగ్గించింది. "పిన్నీ, మా కంపెనీ నాకూ కొన్ని షేర్లిచ్చింది. బాబాయ్ గారు కొనేముందు నాకో మాట చెప్పు. ముందురోజే అమ్మేసుకుంటాను."

వంటింట్లోంచి అట్టు మాడిన వాసన వచ్చింది. దొరబాబు గొంతు సవరించుకున్నాడు.

"నేను కొనటంలేదులే అమ్మా."

"నిజంగానా బాబాయ్ గారూ? అయితే ఇంకో పదేళ్ళు మాకు భయం లేదు!"

రామతులసి ఇంకో పెసరట్టు తెచ్చి వేసింది. పచ్చడి గురించి ఆయన మళ్ళీ మాట్లాడలేదు.