కుడివైపు సీటు ఖాళీ లేదు

ఆకాశం అందరిదీ అనే అపోహను శాశ్వతంగా తొలగించిన ఘనత సింగపూర్‌ది. ఇక్కడ ఆకాశం ముందుగా అడిగినవాళ్లది. అడిగినవాళ్లలో కూడా, వరుసలో నిలబడ్డవాళ్లది.

ఇంత క్రమశిక్షణ గల ఆకాశంలో ప్రజాసేవకు కూడా కాస్త చోటుండాలన్న సదుద్దేశంతో పుట్టిందే మా స్వచ్ఛంద గగన సహాయ దళం. సొంత విమానాలున్న దయగల పౌరులు ప్రభుత్వ అత్యవసర సేవలకు తోడుగా ఎగరాలి. అడవి అంటుకుంటే పైనుంచి చూడాలి, కొండల్లో ఎవరైనా తప్పిపోతే వెతకాలి. ఈ దేశంలో తప్పిపోయేంత కొండ లేదన్న సంగతి దళం ఏర్పడ్డాక గమనించారు. అప్పటికే టీషర్టులు అచ్చయిపోయాయి.

మరో చిక్కు, విమానాలకు వేగం ఉండటం. బయలుదేరి కాసేపు తిన్నగా పోతే విదేశం వచ్చేస్తుంది. అందుచేత మా విమానాలు తిన్నగా పోకూడదని నిబంధన పెట్టారు. పడమటి సముద్రం మీద గుండ్రంగా తిరగాలి, అదీ కుడివైపుకే. ఎడమకు తిరిగితే మలేషియా వాళ్లు రేడియోలో పలకరిస్తారు. (చాలా మర్యాదగానే. అయినా బాగుండదు.)

పైలట్ ఎడమ సీట్లో కూర్చుని ముందుకు చూడాలి. శిక్షణ పొందిన పరిశీలకులు కుడి సీట్లో కూర్చుని కిందికి చూడాలి. ఆ పరిశీలకురాలిని నేను. చిన్నప్పటి నుంచి నాకు మాట్లాడటం కంటే చూస్తూ కూర్చోవడం ఎక్కువ అలవాటు. మా ఊరి బళ్లో దాన్ని పరధ్యానం అన్నారు. ఇక్కడ దానికి సర్టిఫికెట్ ఇచ్చారు.

మా పైలట్ కృష్ణప్రసాద్ గారు. బిషాన్‌లో ఉంటారు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం. ఒక పళ్ల డాక్టరుతో కలిసి చిన్న విమానం కొన్నారు. ఉగాదికి తెలుగువాళ్లంతా కలిసినప్పుడు ఆయన పులిహోర వరుసలో ఉన్నవాళ్లందరికీ కార్డు పంచుతూ, "ఏ ఎమర్జెన్సీ వచ్చినా ఫోన్ కొట్టండి, పైనుంచి వచ్చేస్తా" అన్నారు. అందరూ నవ్వారు. బూన్ లే దగ్గర కార్మికుల డార్మిటరీలో ఉండే మారయ్య మాత్రం నవ్వకుండా కార్డు జేబులో పెట్టుకున్నాడు.

మారయ్యది శ్రీకాకుళం దగ్గర పల్లె. షిప్‌యార్డులో వెల్డింగ్ పని. మొన్న ఒక ఆదివారం చేపలు పడదామని అద్దెకు చిన్న మోటారు పడవ తీసుకుని ఒక్కడూ సముద్రంలోకి వెళ్లాడు. మేము విమానం నిలిపే హ్యాంగర్‌లో టీ తాగుతుండగా ఫోన్ చేశాడు. కృష్ణప్రసాద్ గారు స్పీకర్‌లో పెట్టారు.

"బాబూ, నాను మారయ్యనండి. ఇంజను సచ్చిపోనాది. బోటు కొట్టుకుపోతన్నాది."

"ఎక్కడున్నావ్ మారయ్యా? లొకేషన్ పంపు."

"పంపినానండి. పోనేమో జోహోర్‌కి రమ్మని మెసేజి ఎట్టింది. నాకేటి తెలస్తాది, సుట్టూ నీళ్లే."

(పడమటి తీరంలో ఫోన్లకు దేశభక్తి తక్కువ. ఏ టవర్ బలంగా ఉంటే ఆ దేశంలో ఉన్నామంటాయి.) మారయ్య పంపిన గుర్తు ఒకసారి సముద్రంలో, ఒకసారి మలేషియా వైపు జోహోర్‌లోని ఏదో పామాయిల్ తోటలో కనిపించింది. పడవలు బయలుదేరాయనీ, పెద్ద ఓడలు తిరిగే దారిలోకి అతను కొట్టుకుపోకముందే ఎవరైనా పైనుంచి చూసి చోటు చెబితే చాలుననీ మేము ఫోన్ చేసిన అత్యవసర సమన్వయ కేంద్రం నుంచి కబురొచ్చింది. దళం పుట్టాక మాకు పడ్డ మొదటి పని అది. కృష్ణప్రసాద్ గారు టీ సగంలో వదిలేశారు.

విమానం తలుపు తెరిచాం. కుడి సీటు మీద టిష్యూ ప్యాకెట్ ఉంది.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. ఈ దేశంలో హాకర్ సెంటర్ అనే ఏ తిండి అంగళ్ల సముదాయంలోనైనా బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళితే ఆ చోటు మీదే. దాన్ని చోప్ చేయడం అంటారు. చట్టంలో ఎక్కడా లేదు, అందుకే ఎవరూ అతిక్రమించరు. మా ఊరి బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసినా సీటు దొరికేది, కానీ ఎక్కాక పోట్లాట ఉండేది. పోట్లాట ఉంటే ఏదో ఒకటి తేలుతుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

నేను చెయ్యి చాపాను. ఇంధనం పట్టే ఆయన పైపు కింద పెట్టేశాడు.

"కెనాట్ లా," అన్నారు మిస్టర్ లిమ్ ఇక్కడి ఇంగ్లీషులో. ఆయన దళానికి ఆసన సమన్వయ అధికారి. "సమ్‌బడీ చోప్ ఆల్రెడీ."

"ఎవరు సార్?" అన్నాను.

"హౌ ఐ నో? వెయిట్ లా. మస్ట్ కమ్ బ్యాక్ వన్."

"తొందరపడకమ్మా సుమలతా," అన్నారు కృష్ణప్రసాద్ గారు. "ఎవరో పెద్దవాళ్లు పెట్టి ఉంటారు. ఇన్‌స్పెక్షన్ ఉందేమో."

"అంకుల్, అక్కడ మారయ్య..."

"తెలుసమ్మా. కానీ తీసేశాక వాళ్లొస్తే? ఏం బాగుంటుంది?"

మిస్టర్ లిమ్ దళం గ్రూపులో ప్యాకెట్ ఫోటో పెట్టి, ఎవరిదని అడిగారు. ముగ్గురు బొటనవేలి బొమ్మ పెట్టారు. పళ్ల డాక్టరు తనది పచ్చ ప్యాకెట్ అని రాశారు. ప్యాకెట్ మీద కృష్ణప్రసాద్ గారి బ్యాంకు పేరుంది. (ఆ బ్యాంకు అలాంటివి ఊరంతా పంచింది కాబట్టి దాన్ని సాక్ష్యంగా తీసుకోలేదు.) ఆ కంగారులో కృష్ణప్రసాద్ గారికి తుమ్మొచ్చింది. జేబులన్నీ తడుముకుని, "నిన్నటి ఫ్లైట్ దాకా నా దగ్గర టిష్యూలుండేవే," అని చొక్కా చేతికే ముక్కు తుడుచుకున్నారు. నేను ఆయన్నీ ప్యాకెట్‌నూ మార్చి మార్చి చూశాను. నోరు తెరిచేలోపు మళ్లీ ఫోన్ మోగింది.

"బాబూ, బయిల్దేరినారా? పెద్ద ఓడొకటి అవుపడతన్నాది. ఇటే వస్తన్నట్టున్నాది."

"ప్లేన్ రెడీ మారయ్యా. సీటు దగ్గర చిన్న ప్రాబ్లమ్."

"సీటేటి?"

"ఖాళీ లేదు."



"బస్సేటి బాబూ అది?"

ఫోన్ కట్టయింది. నేను మళ్లీ సీటు వైపు నడిచాను. ఈసారి మిస్టర్ లిమ్ తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. నా భవిష్యత్తు గురించే అన్నట్టు ఎంతో మెల్లగా, "ప్లీజ్, సిస్టర్," అన్నారు.

చివరికి ఆయనే మధ్యేమార్గం కనిపెట్టారు. విమానం వెళ్లవచ్చు. సీటు మాత్రం చోప్ చేసినవాళ్లదే. ప్యాకెట్‌ను కదపకుండా దాని మీదుగా బెల్టు బిగించారు. బరువుల లెక్కలో పరిశీలకుడి బరువు బాగా తగ్గిందని, విమానం తేలిగ్గా లేస్తుందని అందరూ సంతోషించారు. నన్ను నేల మీదే సిద్ధంగా ఉండమన్నారు. దేనికో చెప్పలేదు. నేను సిద్ధంగా ఉన్నాను.

విమానం చక్కగా లేచింది. పడమటి సముద్రం మీద నిబంధన ప్రకారం కుడివైపుకు గుండ్రంగా తిరిగింది. అలా తిరిగితే వెతకాల్సిన నీళ్లన్నీ కుడి కిటికీ కిందికి వస్తాయి. ఎడమ కిటికీలోంచి కృష్ణప్రసాద్ గారికి మలేషియా ఆసాంతం కనిపించింది. చాలా స్పష్టంగా కనిపించిందని దిగాక చెప్పారు.

అధికారిక నివేదిక క్లుప్తంగా ఉంది. గాలింపు పూర్తయింది. పరిశీలకుడి వైపు నుంచి ఎలాంటి సమాచారమూ, అభ్యంతరమూ రాలేదు.

మారయ్యను ఇసుక మోసే బార్జిని లాగే టగ్గు వాళ్లు చూశారు. ఓడల దారి అంచులో దొరికాడట. తాడు విసిరి పైకి లాగి, నూడుల్స్ పెట్టి, సాయంత్రానికి ఒడ్డుకు చేర్చారు. వాళ్లు ఏ దళంలోనూ సభ్యులు కాకపోవడం వల్ల ఆ రక్షణ మా లెక్కలోకి రాలేదు.

మరుసటి ఆదివారం మారయ్య హ్యాంగర్‌కు వచ్చాడు. వట్టి చేతులతో రాలేదు, అరటిపళ్లు తెచ్చాడు. ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. కృష్ణప్రసాద్ గారి చేతులు పట్టుకుని, "నా కోసం ఎగిరినారు, అదే సాలు బాబూ," అన్నాడు. తరువాత కాస్త మొహమాటంగా అడిగాడు.

"మీ ఇమానం నా నెత్తిమీద నుంచి రెండు మార్లు ఎల్లినాది. సొక్కా ఇప్పి ఊపినాను. పక్క సీటు కాళీ నేదన్నారు గదా, ఆ కూకున్నాయన నన్ను సూడనేదా?"

కృష్ణప్రసాద్ గారు నా వైపు చూశారు. నేను మిస్టర్ లిమ్ వైపు చూశాను. ఆ సీట్లో ఎవరూ లేరని చెప్పడానికి మా ఎవరికీ నోరు రాలేదు. నిబంధనల ప్రకారం అది అబద్ధం కూడా.

"చూసే ఉంటారు మారయ్యా," అన్నారు కృష్ణప్రసాద్ గారు, తుమ్ము ఆపుకుంటూ. "ఆయన పెద్దగా మాట్లాడరు."